జొన్నల కొట్లో ఇన్‌స్పెక్టర్

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, గుడి నుంచి వచ్చే రోడ్డు మీద, పళ్ల డాక్టరు క్లినిక్‌కూ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణానికీ మధ్య సుమలత జొన్న రొట్టెల సెంటర్ నడుపుతోంది. ముందు గదిలో నాలుగు పొయ్యిలు, వెనక గదిలో పిండి డ్రమ్ములు, జొన్నల బస్తాలు, అక్కడి మెట్లెక్కితే మేడ మీద వాళ్ల ఇల్లు. సాయంత్రమైతే స్కూటర్ల మీద వచ్చినవాళ్లు బండి దిగకుండానే "పది రొట్టెలు, ఎల్లిపాయ కారం" అని కేకేస్తారు. సెంటర్‌కు పేరు తెచ్చింది సుమలత తల్లి భీమవ్వ చెయ్యి. ఆమె రొట్టె కొడితే చుట్టూ ఎక్కడా పగులు ఉండదు, మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుంది.

పోయిన వానాకాలం ఆ సెంటర్‌లోకి ఒక ఎలుక వచ్చింది.

మొదట చూసింది లత, అక్కడ రొట్టెలు కాల్చే అమ్మాయి. సాయంత్రం నాలుగింటికి పెనం వేడెక్కేలోగా పిండి తేవడానికి వెనక గదిలోకి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయి, "అక్కా, జర ఇటు రా. సప్పుడు జెయ్యకు" అని సుమలతను పిలిచింది.

బొటనవేలు కంటే కాస్త పెద్ద చిట్టెలుక. మొదటి బస్తా మీద కూర్చుని మూల కొరికి, ఒక్క గింజ బయటికి లాగి, రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి చూసి, సగం తిని, మిగతా సగం వదిలేసింది. తర్వాత రెండో బస్తా మీదికి వెళ్లింది. అక్కడా ఒక్క గింజే. మూడో బస్తా దగ్గర మాత్రం వాసన చూసి, కొరక్కుండానే దిగిపోయింది.

"ఇది తినెటందుకు వస్తలేదక్కా," అంది లత. "మాలు ఎట్లున్నదో సూసెటందుకు వస్తున్నది."

ఆ రోజు నుంచి దాని పేరు ఇన్‌స్పెక్టర్. రోజూ సరిగ్గా నాలుగింటికి వచ్చేది, అన్ని బస్తాలూ చూసుకుని వెళ్లిపోయేది.

సుమలతకు మాత్రం నవ్వు రాలేదు. గిరాకీల్లో ఒక్కరు చూస్తే చాలు, సాయంత్రానికి కంఠేశ్వర్ అంతా తెలిసిపోతుంది. మందు పెడదామని లత అంటే, తిండి వండే చోట విషం పెట్టనివ్వనని ఖరాఖండీగా చెప్పింది. ఏం చేయాలా అని వాళ్లు మాట్లాడుకుంటుండగా షట్టర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుకుంటున్న చిన్నయ్య లేచి నిలబడ్డాడు.

చిన్నయ్య సుమలత తండ్రి. అరవై తొమ్మిదేళ్లు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు గోదాం చూశాడు. కొండల్లా పేర్చిన చక్కెర బస్తాల మధ్య తిరుగుతూ, ఏ వరసలో చెమ్మ పట్టిందో చెయ్యి పెట్టి చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు బోధన్‌లోనే ఉండి, తర్వాత భార్యతో కలిసి కూతురి దగ్గరికి వచ్చాడు. అల్లుడు సురేందర్ బస్సు డ్రైవరు, మంచివాడు. ఇంట్లో ఏ లోటూ లేదు. ఉన్న ఇబ్బందల్లా చిన్నయ్యకు పని లేకపోవడమే. రొట్టెలు కాగితంలో చుట్టబోతే విరిగాయి. పిండి పట్టించుకు రమ్మంటే మిల్లు అతనితో జల్లెడ సంగతి మీద గంటసేపు కొట్లాడి ఆలస్యం చేశాడు. చివరికి భీమవ్వ, "నువ్వు ఊకె కూసో. గదే మాకు పెద్ద సాయం" అంది. అప్పటినుంచి కూర్చునే ఉన్నాడు.

"ఎలుకనా?" అన్నాడు ఇప్పుడు పేపరు మడుస్తూ. "గోదాంల వేలల్ల ఎలుకలు ఉండె. ఒక్క బస్తాకు పన్ను తాకనియ్యలేదు నేను. గీ ఒక్కదానికి గింత పరేషానా?"

మర్నాడు గంజ్ మార్కెట్‌కు వెళ్లి ఇనుప బోను తెచ్చాడు. అందులో ఎండుకొబ్బరి కుడుక ముక్క గుచ్చి బస్తాల నడుమ పెట్టాడు. మర్నాడు చూస్తే కుడుక లేదు, బోను తెరిచే ఉంది. ముక్క వదులుగా ఉందేమోనని దారంతో కట్టాడు. ఆ రోజు కుడుకతో పాటు దారం కూడా పోయింది. ఇక జిగురు అట్ట తెచ్చాడు. ఎలుక దాని మీద కాలు పెడితే కదలలేదని దుకాణంవాడు ఒట్టేసి చెప్పాడు. దాన్ని గోడవార పరిచి, ఎలుక వచ్చిందా లేదా అని చీకటిగా ఉన్న గదిలోకి మెల్లగా అడుగుపెట్టిన చిన్నయ్య చెప్పు దానికే అంటుకుంది. అట్టను, చెప్పును విడదీయడానికి లత, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిసి లాగారు. అట్ట వచ్చింది, దాంతో పాటు చెప్పు అడుగు కూడా వచ్చింది.

"గోదాంల గిట్లనే పట్టినవా?" అని అడిగింది భీమవ్వ, పెనం మీద నుంచి చూపు తిప్పకుండా.

"గోదాంల పిల్లులు ఉండె," అన్నాడు చిన్నయ్య ఒంటి కాలి చెప్పుతో నిలబడి. "నాకు స్టాఫ్ కావాలె."

బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర పోశన్న ఉంటాడు. ఒకప్పుడు గోదాంలో హమాలీల మేస్త్రి. ఫ్యాక్టరీ మూసినప్పుడు మనుషులంతా వెళ్లిపోయారు కాని గోదాం పిల్లులు మాత్రం గేటు దగ్గరే తిరుగుతుంటే, మూడింటిని పోశన్న ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడున్నవి వాటి మనవలు, మునిమనవలు. చిన్నయ్య బస్సు దిగి వెళ్లేసరికి అరుగు మీద రెండు, కిటికీలో ఒకటి, గోడ మీద ఒకటి పడుకుని ఉన్నాయి. పోశన్న వాటికి పాలు పోస్తూ ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు.

"గీ చారలది ఫిట్టర్," అని చూపించాడు. "యాడ సప్పుడైనా మొదలు ఉరుకుతది. గా నల్లది కెమిస్ట్. అన్ని వాసన సూస్తది. కిటికీల ఉన్నది టైంకీపర్. పొద్దుగాల ఆరు కొట్టంగనే నన్ను లేపుతది."

"గిట్ల పెట్టినవేంది పేర్లు?"

"పోస్టులు ఖాళీగ ఉంటే నాకు మంచిగ అనిపియ్యలేదే. నింపిన."

"గోడ మీదిది?"

"గది జీఎం. పని జెయ్యది."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. పాత రోజుల మాటలు వచ్చాయి. క్రషింగ్ మొదలైతే ఊరంతా బెల్లం పాకం వాసన కొట్టేది. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా నిలబడేవి. ఇప్పుడు చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. పోశన్న ఆ మాటను పొడిగించకుండా లోపలికి వెళ్లి వెదురు గంప తెచ్చాడు. ఫిట్టర్‌ను, కెమిస్ట్‌ను అందులో కూర్చోబెట్టి పైన పాత పంచె కట్టాడు.

"పనోళ్లను ఇస్తున్న. మంచిగ సూసుకో," అన్నాడు.

బస్సులో కండక్టర్ గంపలో ఏముందని అడిగితే, "ఇద్దరు స్టాఫ్" అన్నాడు చిన్నయ్య. కండక్టర్‌కు అర్థం కాలేదు కాని లోపలినుంచి మ్యావ్‌మనగానే అర్థమైంది. కొంత దూరం వెళ్లాక ముందు సీటులోని ఆమె కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచీలో ఎండుచేపలున్న సంగతి కెమిస్ట్ వాసన పట్టింది. ఎట్లా వెళ్లిందో తెలియదు గాని, నిజామాబాద్ బస్టాండ్‌లో దిగేటప్పుడు ఆమె సంచీ ఎత్తి, "ఏందో తేలికగ ఉన్నది" అంది. చిన్నయ్య గంపను గుండెకు హత్తుకుని వేగంగా నడిచాడు.

మొదటి రోజు అంతా సరిగ్గానే ఉందనిపించింది. ఫిట్టర్ బస్తాల మీద కూర్చుంది, కెమిస్ట్ గుమ్మంలో కూర్చుంది. నాలుగయ్యింది. ఇన్‌స్పెక్టర్ రాలేదు. నాలుగుంపావుకు చిన్నయ్య సంతోషంగా రెండు గిన్నెల్లో పాలు పోసి పిలిచాడు. రెండు పిల్లులూ పాలలో మూతులు పెట్టిన మరుక్షణం పైన అరల మధ్య నుంచి చిట్టెలుక దిగింది. నాలుగు బస్తాలూ చూసుకుని, పాలు అయిపోయేలోగా తిరిగి ఎక్కిపోయింది.

మర్నాడు పాలు ఐదింటికి పోశాడు. ఎలుక కూడా ఐదింటికి వచ్చింది.

"దీనికి గిన్నె సప్పుడు తెలుస్తున్నది కాకా," అంది లత.

అందుకని మూడో రోజు చిన్నయ్య గిన్నె చప్పుడు కాకుండా పాలు పేపరు కప్పుల్లో పోశాడు. ఆ రోజు ఎలుక అసలు రాలేదు. పిల్లులు ఆ కప్పుల్ని చూసి ముఖం తిప్పుకున్నాయి. రాత్రి భోజనం దగ్గర చిన్నయ్య ఇది పెద్ద విజయమని చెప్పాడు. మరుసటి రోజు పిల్లులు ఆకలితో ఉండి, ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం తినే చోటికి చేరాయి. ఎలుక ఒంటిగంటకే వచ్చి వెళ్లింది.

పక్క మేడ మీద ఉండే డిగ్రీ పిల్ల అంకితకు తెల్లటి బొచ్చు పిల్లి ఉంది. పేరు పింకీ. ఏసీ గదిలో పడుకుంటుంది, పొట్లంలో వచ్చే తిండి తింటుంది. కొత్తగా వచ్చిన రెండు పిల్లుల్ని చూసి అది కూడా మెట్లు దిగి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఎలుకను చూస్తే దానికి భయం. ఫిట్టర్‌కు దాన్ని చూస్తే కోపం. ఎక్కడ కనిపించినా తరిమేది. దాంతో ఎలుకను పట్టాల్సిన సమయంలో సగం, పింకీని తరమడంలో గడిచిపోయేది.

ఇంత జరుగుతున్నా చిన్నయ్య ముఖంలో వెలుగు తగ్గలేదు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు. మధ్యాహ్నం నిద్ర మానేశాడు. వెనక గదిలో బస్తాలను గోడకు జానెడు దూరం జరిపాడు, కింద చెక్కలు వేశాడు, అరల వెనక కన్నాలు పూడ్చాడు. రోజూ కూతురికి ఎలుక ఏ దారిన వచ్చిందో, ఏ దారిన వెళ్లిందో వివరంగా చెప్పేవాడు. సుమలత రొట్టెలు పొట్లాలు కడుతూ "ఊ" కొట్టేది.

శ్రావణంలో ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. మోర్తాడ్ దగ్గర పసుపు పండించే రాజేందర్ కూతురికి చీర కట్టించే పండుగ. మూడు వందల రొట్టెలు కావాలన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు తనే కారులో వచ్చి తీసుకెళ్తానన్నాడు.

"బాపు, గియ్యాల నీ స్టాఫ్‌ను మీద గదిల పెట్టి గొళ్లెం పెట్టు," అంది సుమలత. "గిరాకీ లోపటికి వస్తడు. ఎలుక లేదు, పిల్లి లేదు అన్నట్టు ఉండాలె."

చిన్నయ్య అట్లాగే చేశాడు. మూడు పిల్లుల్నీ, పింకీతో సహా, మేడ మీది గదిలో పెట్టి గొళ్లెం వేశాడు.

నాలుగుంపావుకే రాజేందర్ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. లోపలికి వచ్చి, భీమవ్వ రొట్టె కొట్టే తీరు చూసి, "మా అవ్వ గిట్లనే కొట్టేది" అని మెచ్చుకుంటూ నిలబడ్డాడు. సుమలత ఆయనకు చాయ్ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే అంకిత పింకీని వెతుక్కుంటూ మేడ ఎక్కి, లోపలినుంచి అరుపులు విని గొళ్లెం తీసింది.

ముందు పింకీ దిగింది. దాని వెనక ఫిట్టర్. దాని వెనక కెమిస్ట్. మూడూ వరసగా మెట్ల మీద నుంచి వెనక గదిలోకి దూకిన సమయంలో ఇన్‌స్పెక్టర్ రెండో బస్తా మీద గింజ తిప్పి చూస్తోంది.

ఎలుక గింజ వదిలేసి పరిగెత్తింది. బస్తాల మీద నుంచి డ్రమ్ము మీదికి, డ్రమ్ము మీద నుంచి ముందు గది నేల మీదికి. ఫిట్టర్ పింకీని వదిలి ఎలుక వెంట పడింది. లత పొయ్యి ముందు నుంచి లేచి పీట ఎక్కింది. గోడవారన నీళ్లు పోవడానికి తెచ్చి ఇంకా బిగించని ఆరడుగుల ప్లాస్టిక్ పైపు పడి ఉంటే ఎలుక అందులో దూరింది. ఫిట్టర్ ఆ చివర తల పెట్టింది. కెమిస్ట్ ఈ చివర వాసన చూస్తూ కూర్చుంది. మధ్యలో ఎలుక ఎక్కడుందో తెలియదు. పింకీ పైపు మీదెక్కి కూర్చుంది, ఎందుకో దానికే తెలియాలి.

"ఎవ్వలు కదలకుండ్రి," అన్నాడు చిన్నయ్య గోదాంలో చెప్పినట్టు. "దొరికింది."

లాల్చీ చేతులు పైకి మడిచి, వంగి, ఫిట్టర్ ఉన్న వైపు పైపును మెల్లగా పైకి ఎత్తాడు. ఎలుక అటువైపు జారి కెమిస్ట్ ముఖం మీద పడుతుందని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ఎలుక జారి సరిగ్గా కెమిస్ట్ ముక్కు మీదే పడింది. ఆ పిల్లి జన్మలో ఇంత దగ్గరగా ఏదీ వాసన చూడలేదు. అది నాలుగు కాళ్లతో గాలిలోకి ఎగిరి, పక్కనే పెద్ద పళ్లెంలో ఉన్న జొన్నపిండిలో పడింది. లేచేసరికి నల్ల పిల్లి తెల్ల పిల్లయ్యింది. ఫిట్టర్ తల తిప్పి చూసింది. రెండు తెల్ల పిల్లులు. ఏది పింకీయో తెలియక ముందు దగ్గరున్న కెమిస్ట్‌ను కొట్టింది. కెమిస్ట్ తిరిగి కొట్టింది. పింకీ బెదిరిపోయి రాజేందర్ ప్యాంటు పట్టుకుని ఎక్కి, చొక్కా దాటి, భుజం మీద కూర్చుంది. గదిలో పిండి పొగమంచులా లేచింది.

పిండి దిగాక చూస్తే రాజేందర్ చాయ్ కప్పు చేతిలోనే ఉంది. ఆయన భుజం మీద పింకీ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. సుమలత ఇక సెంటర్ మూసేసుకోవాల్సిందే అనుకుంది.

"అమ్మా," అన్నాడు రాజేందర్ కప్పు కింద పెట్టి. "మా పసుపు కొట్టంల గూడ ఎలుకలు ఉన్నయి. కని మా పిల్లులు గిట్ల పని జెయ్యవు."

ముందుగా నవ్వింది భీమవ్వ. ఆమె నవ్వితే గదిలో అందరికీ నవ్వు వచ్చింది. అదృష్టవశాత్తు కాల్చిన రొట్టెలన్నీ అప్పటికే మూత పెట్టిన బుట్టల్లో ఉన్నాయి. పాడైంది పళ్లెంలో పిండి ఒక్కటే. ఆయన ప్యాంటుకు పడిన గీతల గురించి సుమలత క్షమించమంటుంటే, "పండుగల చెప్పుకునెటందుకు ఒక ముచ్చట దొరికింది, పోనీ" అని బుట్టలు కారులో పెట్టించుకున్నాడు.

"ఎలుక యాడికి పోయింది?" అంది లత.

పైపులో లేదు. పొయ్యిల కింద లేదు. బుట్టల చాటున లేదు. ఆడవాళ్లంతా వెతుకుతున్నారు. చిన్నయ్య మాత్రం గది మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన లాల్చీ కుడి జేబులో పల్లీలున్నాయి. వంగి పైపు కింద పెట్టినప్పటి నుంచి ఆ జేబు బరువు కొద్దిగా పెరిగింది. ఇప్పుడు అందులో ఏదో ఒక పల్లీని తిప్పుతోంది.

చిన్నయ్య చెయ్యి మెల్లగా జేబు మూతి మీదికి వెళ్లింది. గోదాంలో ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ జరగని సంగతి అది. పిల్లులు మూడూ కాళ్ల దగ్గరే ఉన్నాయి. చెయ్యి తీస్తే చాలు. వేళ్ల కింద ఆ చిన్న ప్రాణం వెచ్చగా ఉంది. దాని గుండె సెల్‌ఫోన్ వణికినట్టు వేగంగా కొట్టుకుంటోంది. రెండు నెలల నుంచి దాని కోసం లేచాడు, దాని కోసం గడ్డం గీసుకున్నాడు.

"నేను జర చాయ్ తాగొస్త," అన్నాడు.

"ఇంట్లనే చాయ్ ఉన్నది గద," అంది భీమవ్వ.

"బయటి చాయ్," అని చెప్పి, జేబు మీద చెయ్యి అట్లాగే పెట్టుకుని షట్టర్ దాటాడు.

నాలుగడుగులు వేయగానే మందుల దుకాణం మధుకర్ ఎదురొచ్చి చెయ్యి కలపబోయాడు. చిన్నయ్య ఎడమ చెయ్యి ఇచ్చాడు. "ఏమైంది కాకా, గా చెయ్యికి?" అంటే, "జర పట్టుకున్నది" అన్నాడు. అబద్ధమేమీ కాదు. నొప్పి మాత్ర ఇస్తానని మధుకర్ వెంటపడుతుంటే తప్పించుకుని బోధన్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాడు.

ఆటోలో ఆరుగురున్నారు. ఇన్‌స్పెక్టర్‌కు భయం తగ్గినట్టుంది. పల్లీ తొక్క కొరికే చప్పుడు కరకరమని బయటికి వినిపిస్తోంది. పక్కన కూర్చున్న పెద్దమ్మ చిన్నయ్య మూతి వైపు చూసింది. మూతి కదలడం లేదు. ఆమె చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో వెతకడం మొదలుపెట్టగానే చిన్నయ్య దగ్గడం మొదలుపెట్టాడు. జాన్కంపేట దాకా దగ్గుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు ఆమె, "దవఖానల సూపెట్టుకో తమ్మీ" అని చెప్పింది.

రోడ్డు దిగి పొలాల గట్టు వెంట నడిచాడు. వరి పచ్చగా ఉంది. ఒక మడి మాత్రం చెరుకు. ఆ చెరుకు మొదట్లో కూర్చుని జేబు మూతి తెరిచాడు. ఎలుక వెంటనే రాలేదు. ముందు మూతి బయట పెట్టింది, గాలి వాసన చూసింది, మళ్లీ లోపలికి వెళ్లింది.

"దిగు," అన్నాడు చిన్నయ్య. "పల్లీలు ఇగ లేవు."

అది లాల్చీ మీదుగా మోకాలు మీదికి దిగి, అక్కడ ఒక్క క్షణం కూర్చుని మీసాలు దువ్వుకుంది. తర్వాత చెరుకు ఆకుల్లోకి వెళ్లిపోయింది. ఆకు కదిలిన చోటు కొంతసేపు చూస్తూ ఉండిపోయాడు. ప్రాణం హాయిగా ఉంది. తిరుగు ఆటోలో కూర్చున్నాక గాని ఆయనకు ఆ ఆలోచన రాలేదు. ఎలుక పోయిందంటే రేపటి నుంచి మళ్లీ ప్లాస్టిక్ కుర్చీ.

ఇంటికి వచ్చేసరికి లత ఇంకా ఊడుస్తోంది. "ఎలుక దొరికిందా?" అని ఆయనే ముందుగా అడిగాడు.

"లేదు కాకా. మళ్ల తప్పించుకున్నది."

"దొంగది," అన్నాడు చిన్నయ్య.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆయన నాలుగింటికి పిల్లుల్ని తీసుకుని వెనక గది అంతా తిరిగాడు. ఫిట్టర్ రెండు రోజుల్లోనే ఆసక్తి పోగొట్టుకుని బస్తా మీద పడుకుంది. అయినా చిన్నయ్య పొద్దున కూతురికి వివరాలు చెబుతూనే ఉన్నాడు. నిన్న మూడో బస్తా దగ్గరికి వచ్చిందని, కెమిస్ట్ వాసన పట్టిందని, కొద్దిలో తప్పిందని. కావాలంటే చూడమని బస్తా మూలన కొత్త కన్నం కూడా చూపించేవాడు.

పదమూడో రోజు పొద్దున సుమలత కారం డబ్బా కోసం వెనక గదిలోకి వచ్చింది. తండ్రి ఆమెకు వీపు పెట్టి, బస్తా ముందు కూర్చుని, సంచులు కుట్టే దబ్బనంతో మూలన శ్రద్ధగా పొడుస్తున్నాడు. ఒళ్లో ఫిట్టర్ నిద్రపోతోంది.

ఆమె కారం డబ్బా తీసి డ్రమ్ము మీద పెట్టింది. తర్వాత వచ్చి పక్కన కింద కూర్చుంది. చిన్నయ్య దబ్బనాన్ని పంచె కింద దాచబోయి, ఆలస్యమైందని తెలిసి ఊరుకున్నాడు.

"ఎలుక కొరికితే పోగులు తెగుతయి బాపు," అంది ఆమె నెమ్మదిగా. "గివి అన్ని గుండ్రంగ ఉన్నయి. నేను నాలుగు రోజుల నుంచి సూస్తున్న."

ఆయన కన్నం మీద బొటనవేలు పెట్టి మూశాడు.

"అవ్వ నీ లాల్చీ ఉతికింది. జేబుల కన్నం ఉన్నదన్నది. ఇన్‌స్పెక్టర్‌ను ఏం జేసినవ్?"

"ట్రాన్స్‌ఫర్ జేసిన," అన్నాడు చిన్నయ్య నేల చూస్తూ. "జాన్కంపేట దిక్కు. చెరుకుల ఇడిసిన."

సుమలత పెదవులు బిగబట్టింది గాని నవ్వు ఆగలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు తగ్గాక తండ్రి ముఖం చూస్తే, ఆయన నవ్వడం లేదని అర్థమైంది.

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఏం జేసేది నేను? పొద్దంత గా కుర్చీల కూసునుడేనా. మీరు అందరు పని జేస్తుంటే సూసుకుంట."

సుమలత ఇన్నాళ్లూ బాపుకు విశ్రాంతి ఇస్తున్నాననే అనుకుంది. ఆయన మాట మార్చడానికి అన్నట్టు దబ్బనం పొడిచిన కన్నం నుంచి అరచేతిలో రాలిన జొన్నలను ముందుకు చాపాడు.

"గిది వేరే ముచ్చట. గీ జొన్నలు ఎవడు అమ్మిండు నీకు?"

"ఎందుకు? ఫోన్ జేస్తే పంపిస్తడు ఆ సేటు."

"కొత్తవి అని చెప్పి పాతవి కలిపిండు. సూడు, గీ గింజకు మెరుపు లేదు. నోట్లె వేసుకో. కొరికితే పొడి పొడి అయితున్నది. దీంతోని పిండికి సాగుడు ఉండది. పదిహేను రోజుల నుంచి మీ అవ్వ రొట్టె అంచులు పగుల్తున్నయని లతను తిడుతున్నది గద. లత తప్పు కాదు, భీమవ్వ చెయ్యి తప్పు కాదు. గిది."

సుమలత గింజ నోట్లో వేసుకుని కొరికింది. తండ్రి చెప్పింది నిజమే. రెండు వారాలుగా నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు, వేడి తక్కువైందని ఒకరు, ఆ సెంటర్‌లో కొట్లాడని రోజు లేదు.

"గిన్ని రోజులు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నువ్వు అడగలేదు బిడ్డా. నేను ఎలుక పనిల ఉంటి."

ఆమె లేచి, చీర కుచ్చిళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది. "దబ్బనం పారెయ్యకు," అంది. "రేపు మార్కెట్‌కు పో. బస్తా బస్తా గుచ్చి సూడు. నీకు నచ్చినవే పంపియ్యి. ఇగ జొన్నలు కొనుడు, పట్టిచ్చుడు నాకు చెప్పకు. జల్లెడ గురించి మిల్లు అతనితోని ఎంతసేపు కొట్లాడతవో నీ ఇష్టం."

ముందు గది నుంచి భీమవ్వ, "గాయన పోతే పొద్దుగూకేదాక రాడు. సద్ది కట్టి పంపియ్యి" అని కేకేసింది. అంతసేపూ ఆమె వింటూనే ఉందన్నమాట.

మర్నాడు పొద్దున చిన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గంజ్‌కు వెళ్లాడు. మహారాష్ట్ర నుంచి జొన్నల లారీ వచ్చి ఉంది. వ్యాపారి ముందు వరసలో ఒక బస్తా మూతి విప్పి, "బఘా, సూడు, ఎంత మంచిగ ఉన్నయో" అని దోసిలి నింపి చూపించాడు. చిన్నయ్య ఆ దోసిలి వైపు చూడనే లేదు. లారీ వెనక్కి నడిచి, మూడో వరసలో అడుగున ఉన్న బస్తా మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే ఉంచాడు.

"గీ బస్తా దింపు," అన్నాడు.

"అడుగుది ఎట్ల దింపుత పెద్దమనిషి? మీదివి అన్ని తియ్యాలె."

"తియ్యి. నాకేం తొందర లేదు. సద్ది తెచ్చుకున్న."

వ్యాపారి ఆయన ముఖం చూశాడు, ఆయన చేతిలో ఉన్న టిఫిను డబ్బా చూశాడు. తర్వాత నిట్టూర్చి హమాలీలను పిలిచాడు.